ఒకే అంకె, రెండు కారణములు

ఏలూరు చెంత, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులెన్నియో అందు కలియును. నీరు సముద్రమునకు పోవుటకు మాత్రము ఉప్పుటేరొక్కటే త్రోవ. ఏరులు పొంగినను సరస్సు మట్టము పెరుగును. ఉప్పుటేరు సరిగా పారకున్నను పెరుగును. కొలబద్ద రెంటికిని ఒకే అంకె చూపును.

కంప్యూటరులలోను ఇట్టి చిక్కే కలదు. జావా భాషలో వ్రాసిన ప్రోగ్రామునకు 'హీప్' అను మెమరీ భాగము కేటాయింపబడును. దానికొక హద్దు. అది నిండి, చోటు దొరకనప్పుడు ఏమి చేయవలెనో ముందుగనే ఆజ్ఞ వ్రాసియుంచవచ్చును. 9వ సంకేతముతో ప్రోగ్రామును చంపుమనుట అట్టి ఆజ్ఞలలో నొకటి. మాట కటువైనను లినక్సులో దాని పేరే 'కిల్'. యంత్రమునకే మెమరీ చాలనప్పుడు లినక్సు తానుగా ఏదో యొక ప్రోగ్రామును అదే సంకేతముతో ఆపివేయును. 128కి 9 చేర్చగా 137. రెండు చావులకును చిట్టాలో పడు అంకె అదియే.

కావలి సాధనము 137ను చూచి, 'యంత్రమునకు మెమరీ చాలలేదు' అని ఊహించి వ్రాసినదనుకొనుడు. దానిని నమ్మిన ఇంజనీరు ధనము వెచ్చించి మెమరీ పెంచును. హీప్ హద్దు మారలేదు గనుక బస్సు టికెట్లిచ్చు ప్రోగ్రాము మరల నిలిచిపోవును. పాపము, వరుసలోని జనులు నిలుచుండియే యుందురు.

నిజము తెలియవలెనన్న ఏటి వెంట నడువవలెను. లినక్సు చంపినచో ఆ సంగతి దాని కెర్నల్ చిట్టాలో నుండును. ప్రోగ్రామునకు కడపటి మాట పలుకు వ్యవధి యుండదు. హీప్ నిండినచో 'అవుటాఫ్‌మెమరీఎర్రర్' అను మాటయు, దాని వెంటనే ఆజ్ఞ నెరవేర్చుచున్నట్లు ఒక పంక్తియు ప్రోగ్రాము స్వంత చిట్టాలో కనబడును.