రక్తపోటుకు కలోంజీ: మందా, తోడా?

జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగుతుంటే అత్తరు సీసాలు, మిస్వాక్ పుల్లలు, తస్బీలు పరచిన బండి మీద కలోంజీ నూనె సీసా కూడా కనిపిస్తుంది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే మన అబ్బాయిలు ఖర్జూరాల పక్కన ఒక సీసా పెట్టుకొని వస్తారు. దాని మీద బి.పి., షుగర్, కీళ్ళ నొప్పులు అంటూ జాబితా పొడుగ్గానే ఉంటుంది. మందుల షాపుకు వెళితే వెల్లుల్లి గుళికలు, చేపనూనె గుళికలు. వీటితో రక్తపోటు నిజంగా తగ్గుతుందా? మాత్రలు మానేయవచ్చా?

ఈ రెండో ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. మా ఖాలా ఒకరు పదేళ్ళుగా బి.పి. మాత్రలు వేసుకుంటూ ఉండేవారు. ఒక రంజాను ముందు ఎవరో చెప్పగా కలోంజీ నూనె మొదలుపెట్టి, మాత్రలు మానేశారు. తల తిరగలేదు, నొప్పి లేదు కాబట్టి బి.పి. దిగిందనే అనుకున్నారు. కొలిపించుకోలేదు. షవ్వాల్ నెల గడవకముందే కుడి చేయి, మాట రెండూ పడిపోయాయి. మాట చాలావరకు తిరిగి వచ్చింది గాని, చేత్తో ముద్ద కలుపుకోవడం ఆమెకు నేటికీ కష్టమే. తప్పు కలోంజీదని మేము అనము. మాత్రలు మానడం వల్ల వచ్చిన ముప్పు అది. రక్తపోటు నొప్పి పుట్టించే జబ్బు కాదు. 30 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసులో రక్తపోటు ఉన్నవారిలో 46 శాతం మందికి తమకు ఆ జబ్బు ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది.

కలోంజీ అంటే ఉల్లి విత్తనాలు కావు, షాజీరా అంతకన్నా కాదు. అరబ్బులు హబ్బతుస్సౌదా అనే నల్లగింజ. దీనిమీద శాస్త్రీయ పరీక్షలు జరిగాయి. అటువంటి 11 పరీక్షలను, అంటే సుమారు 860 మంది ఫలితాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2016లో వెలువడింది. పై అంకె సగటున 3 పాయింట్లు, కింది అంకె దాదాపు అంతే తగ్గినట్టు తేలింది. సున్నా కాదు, మంచిదే. కానీ డాక్టరు రాసే బి.పి. మాత్ర ఒక్కటి మామూలు మోతాదులో పై అంకెను 9 పాయింట్ల దాకా దించుతుంది. 170 ఉన్న మనిషికి 3 పాయింట్లు ఏ మూలకు?

ఇక్కడ కొందరు సోదరులు నొచ్చుకోవచ్చు. నల్లగింజలో మరణానికి తప్ప ప్రతి వ్యాధికీ స్వస్థత ఉందన్న హదీసు బుఖారీలో ఉంది కదా అంటారు. ఉంది. దాన్ని మేమూ విశ్వసిస్తాము. అయితే ఏ ఒక్క మొక్కలోనూ సకల రోగాలను ఎదుర్కొనే గుణాలు ఉండవు గనుక ఆ మాటను పరిమితార్థంలో తీసుకోవాలని ఖత్తాబీ వంటి పూర్వ విద్వాంసులే వివరించారు. అంతేకాదు, హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బు పడినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా అనే వైద్యుడి దగ్గరకు వెళ్ళమన్నారు. ఇది అబూదావూద్‌లోని ఉల్లేఖనం. నల్లగింజ గురించి చెప్పిన ప్రవక్తే (స) వైద్యుణ్ణి కూడా చూపించారు.

వెల్లుల్లి సంగతి కాస్త మెరుగు. రక్తపోటు ఉన్నవారి మీద జరిగిన పరీక్షలను కలిపి చూస్తే పై అంకె 8 పాయింట్ల వరకు తగ్గింది. అయితే అవి చాలావరకు చిన్న పరీక్షలు, వాడినవి మోతాదు కట్టిన గుళికలు. మన కూరలో వేసే నాలుగు రెబ్బలకు ఆ లెక్క వర్తించదు. పైగా వెల్లుల్లి గుళికలు రక్తాన్ని పలుచన చేస్తాయి. ఆస్పిరిన్ వంటి మందులు వాడేవారు, ఆపరేషనుకు సిద్ధమయ్యేవారు డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఈజిప్టు, సూడాన్లలో కర్కదే అనే ఎర్రని షర్బతు తాగుతారు. అది ఎక్కడో పుట్టిన వింత మూలిక కాదు, మన ఎర్ర గోంగూర జాతి మొక్కే. కాయను చుట్టి ఉండే ఎర్రని రేకులను ఎండబెట్టి కాస్తారు. 2010లో అమెరికాలో 65 మందిపై జరిగిన పరీక్షలో రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవారికి పై అంకె 7 పాయింట్లు తగ్గింది. గోంగూర పచ్చడికి ఈ గౌరవం దక్కదు. అందులో పడే ఉప్పు తెలిసిందే కదా!

మూలికతో రక్తపోటు దించవచ్చునని లోకానికి గట్టిగా చూపింది మన దేశమే. యునానీ హకీములు అస్రోల్ అని, వైద్యులు సర్పగంధి అని పిలిచే వేరు కథ అది. హకీం అజ్మల్ ఖాన్ స్థాపించిన ఢిల్లీ తిబ్బియా కాలేజీని 1921లో గాంధీజీ ప్రారంభించారు. అక్కడే సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే రసాయన శాస్త్రవేత్త ఈ వేరులోని పదార్థాలను 1931లో వేరుచేశారు. వాటిలో ఒకదానికి, అప్పటికి నాలుగేళ్ళ క్రితం కన్నుమూసిన హకీంసాబ్ పేరిట అజ్మలీన్ అని పేరు పెట్టారు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రోగులకు ఈ వేరు ఇచ్చి, రక్తపోటు దిగిన తీరును 1949లో ఒక బ్రిటిష్ పత్రికలో ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండులో అదే వేరునుంచి రిసర్పిన్‌ను విడదీశారు. కొన్నేళ్ళలోనే అది ప్రపంచమంతా వాడే బి.పి. మాత్ర అయింది.

దానితోపాటే తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. మోతాదు మించితే ముక్కు దిబ్బడ, మగత, తీవ్రమైన మానసిక కుంగుబాటు కూడా వచ్చాయి. నిజంగా పనిచేసే మూలికకు చెడు చేసే శక్తీ ఉంటుంది. అందుచేత "మూలికే కదా, ఏం చేస్తుందిలే" అని మాత్రలతో కలిపి సర్పగంధి చూర్ణం వాడడం ప్రమాదం. బి.పి. మరీ పడిపోవచ్చు.

అతిమధురం ఇంకో రకం. ములేఠీ అని జోషాందాలో వేస్తారు. కైరో వీధుల్లో ఇఫ్తారుకు దాని షర్బతు అమ్ముతారు. గొంతుకు హాయిగానే ఉంటుంది గాని, ఎక్కువగా, రోజూ తీసుకుంటే ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియంను పోగొట్టి రక్తపోటును పెంచుతుంది. బి.పి. ఉన్నవారు దూరంగా ఉండడం మేలు.

అన్నిటికన్నా చవకైన పని మాత్రం వంటింట్లోనే ఉంది. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు ఉప్పులో పావు వంతు పొటాషియం ఉప్పు కలిపి వాడిన ఊళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ఇది కూడా అందరికీ కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్నిరకాల బి.పి. మాత్రలు వాడేవారికి పొటాషియం పెరిగి గుండెకే ముప్పు రావచ్చు. అడిగి వాడాలి. హలీము, సమోసాలు, అప్పడాలు, ఊరగాయల్లో ఉప్పు తగ్గించడానికి మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు. రోజుకు మొత్తం 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

గుళికలు కొనేవారు డబ్బా తిప్పి చూడండి. ఇటువంటి వాటిమీద "వైద్యానికి వాడేది కాదు" అన్న అర్థం వచ్చే మాట అచ్చువేయాలని మన దేశ నిబంధన. కంపెనీ వారే మందు కాదని రాసిన దాన్ని మనం మందుగా మింగుతున్నాము! చేపనూనె గుళిక పైతొడుగు జిలటిన్ అయితే అది ఏ జంతువుదో కూడా విచారించుకోవాలి. గోధుమరంగు గుర్తు మాంసాహారమని చెబుతుందే గాని, హలాలని చెప్పదు.

ఉపవాసాలు పాటించే బి.పి. రోగులు రంజాను నెలవంక కనిపించాక ఆలోచించడం కన్నా షాబానులోనే డాక్టరును కలుసుకోవడం మంచిది. రోజుకు రెండు మూడుసార్లు వేసుకునే మాత్రలను ఒక్కసారి వేసుకునే రకానికి మార్చి, సహరీకో ఇఫ్తారుకో కుదర్చవచ్చు. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలుంటే వాటి సంగతి ప్రత్యేకంగా అడగండి. వాడుతున్న నూనె సీసాను, చూర్ణం పొట్లాన్ని కూడా సంచిలో వేసుకొని వెళ్ళి డాక్టరు బల్లమీద పెట్టండి. మా ఖాలా ఇప్పుడు అదే చేస్తున్నారు.