కేలరీ లెక్క ఒకటే, కడుపు లెక్క వేరు

అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పోషకాహార శాస్త్రం బోధించే ప్రొఫెసర్ మార్క్ హాబ్ 2010లో ఓ వింత పథ్యం పట్టారు. మామూలు భోజనం మానేసి మూడేసి గంటలకోసారి ట్వింకీలు తిన్నారు. ట్వింకీ అంటే లోపల క్రీమ్ నింపి ప్యాకెట్లలో అమ్మే చిన్న కేకు. తోడుగా చిప్స్, క్రీమ్ బిస్కెట్లు కూడా ఉండేవి. అయితే రోజు మొత్తం మీద 1,800 కేలరీలు దాటకుండా పక్కాగా లెక్క చూసుకున్నారు. పది వారాల్లో 12 కిలోలు తగ్గారు. చెడు కొలెస్ట్రాల్ 20 శాతం తగ్గింది, మంచి కొలెస్ట్రాల్ 20 శాతం పెరిగింది.

ఈ సంగతి విని చాలామంది ‘ఏం తిన్నా ఫర్వాలేదు, లెక్క తప్పకపోతే చాలు’ అనుకున్నారు. అందులో సగం నిజముంది. ఒంట్లో ఖర్చయ్యే శక్తి కన్నా లోపలికి వెళ్లేది తక్కువైతే ఎవరైనా తగ్గుతారు, అది కేకు తిన్నా సరే, కందిపప్పు తిన్నా సరే. కానీ హాబ్ రోజూ ఒక ప్రోటీన్ షేక్, ఒక విటమిన్ మాత్ర, కొన్ని కూరగాయలు కూడా తీసుకున్నారు. పైగా ఆయన పోషకాహార నిపుణుడు, చేస్తున్నది ప్రయోగం. అన్ని వారాలు నోరు కట్టుకున్నారు. సంసారంలో, ఉద్యోగంలో తలమునకలుగా ఉన్న మామూలు మనిషి ప్రతి ముద్దకూ లెక్క రాసుకుంటూ కూర్చోలేడు. అతను ఆకలి తీరే దాకా తింటాడు. అసలు విషయం అక్కడుంది. ఏ తిండితో ఆకలి ఎప్పుడు తీరుతుంది?

దీన్ని తేల్చడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఓ ప్రయోగం చేసి, 2019లో ఫలితాలు ప్రకటించింది. ఇరవై మందిని నాలుగు వారాల పాటు బెథెస్డాలోని పరిశోధన ఆసుపత్రిలోనే ఉంచారు. రెండు వారాలు డబ్బాల్లో, ప్యాకెట్లలో వచ్చే ఫ్యాక్టరీ తిండి పెట్టారు. మిగతా రెండు వారాలు పండ్లు, కూరగాయలు, పెరుగు, గింజలు, వండిన మాంసం. రెండు రకాల భోజనాల్లోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఫ్యాక్టరీ తిండిలో పీచు ఎంత తక్కువంటే, లెక్క సరిపెట్టడానికి పీచు పొడిని నిమ్మరసం లాంటి పానీయాల్లో కలిపి ఇవ్వాల్సి వచ్చింది. ‘మీ ఇష్టం, తిన్నంత తినండి’ అని చెప్పారు.

ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో సగటున రోజుకు 500 కేలరీలు అదనంగా లోపలికి వెళ్లాయి. రెండు వారాల్లో 0.9 కిలో పెరిగారు. ఇంటి తిండి లాంటిది తిన్న రెండు వారాల్లో అంతే తగ్గారు. రుచిలో రెండింటికీ ఇంచుమించు ఒకే మార్కులు వేశారు, కాబట్టి ఇది జిహ్వచాపల్యం కాదు. మెత్తటి ఫ్యాక్టరీ తిండిని మాత్రం గబగబా తినేశారు. చాలిక అన్న కబురు మెదడుకు అందేలోగా పళ్లెం ఖాళీ అయిపోయి ఉండొచ్చు. ఇంకో సంగతీ చెప్పుకోవాలి. వారానికి సరిపడా ఫ్యాక్టరీ తిండికి 106 డాలర్లయితే, రెండోదానికి 151 డాలర్లయింది. పేదల ఒంట్లో కొవ్వు పేరుకోవడానికి వారి బద్ధకాన్ని తప్పుపట్టేవాళ్లు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

ఒంట్లోకి వెళ్లాక కూడా కేలరీలన్నీ ఒకేలా ప్రవర్తించవు. మాంసకృత్తులను అరిగించుకోవడానికే వాటిలోని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చయిపోతుంది. కొవ్వుకైతే మూడు శాతం దాటదు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో సుమారు 130 కేలరీలుంటాయి. రెండు ఉడికించిన గుడ్లలోనూ ఇంచుమించు అంతే. గుడ్లు తింటే 12 గ్రాముల మాంసకృత్తులు దక్కుతాయి, కాసేపు ఆకలి ఆగుతుంది. కూల్‌డ్రింక్ తాగినవాళ్లు ఆ తర్వాత భోజనంలో ఆ మేరకు తగ్గించడం అరుదు.

బరువు సంగతి పక్కన పెట్టి ఆరోగ్యం చూస్తే, తెలుగు నేల మీదే పాత ఉదాహరణ ఉంది. గత శతాబ్దం మొదటి భాగంలో కోస్తాలోని సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు పాతుకుపోయింది. కాళ్లు తిమ్మిరెక్కి, నడక పోయి, గుండె దెబ్బతినేది. అక్కడివాళ్లు తిన్నది మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం. తవుడుతో పాటే బి1 విటమిన్ పోయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ బాధ లేదు, ఎందుకంటే వడ్లను ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. కేలరీల్లో రెండు రకాల బియ్యానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 1918లో తమిళనాడులోని కూనూరులో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధనకు పెట్టిన చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ చేరింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఆ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజువారీ కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంది. పప్పులు, మాంసం, చేపలు కలిపి 14 శాతం ఉండాల్సింది 6 నుంచి 9 శాతం దగ్గరే ఆగింది. కొండంత అన్నం, దాని పక్కన చెంచాడు కూర, నీళ్ల చారు ఉన్న విస్తరిని తలుచుకుంటే ఈ అంకెల అర్థం తెలిసిపోతుంది.

కాబట్టి కేలరీల యాప్ తెరిచే ముందు విస్తట్లో వాటాలు మార్చండి. అన్నం ఒక గరిటె తగ్గించి, ముద్దపప్పో గుడ్డో చేపో ఆ మేరకు పెంచండి. కూర నంజుకోవడానికి కాకుండా తినడానికి వండండి. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు అన్నం తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు చూపించుకోండి.