బడి వదిలాక... అమ్మ వచ్చేదాకా

న్యూఢిల్లీ: ప్రాథమిక పాఠశాల ఏడాదికి కనీసం 200 రోజులు పనిచేయాలి, 800 గంటల బోధన జరగాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం విధించిన ప్రమాణమిది. భాగించి చూస్తే రోజుకు నాలుగు గంటలు. 6, 7, 8 తరగతులకు 220 రోజులు, 1000 గంటలు. అంటే రోజుకు నాలుగున్నర గంటల చిల్లర. ప్రార్థన, విరామం, మధ్యాహ్న భోజనం కలుపుకొని బడి తలుపులు మరికొంతసేపు తెరిచి ఉండే మాట నిజమే. అయినా వారానికి 48 గంటలు పనిచేసే కార్మికురాలి పనివేళలతో అవి సరితూగవు. ఆమె యంత్రం ఆపి, బస్సు పట్టుకొని ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతుంది. నాలుగు గంటలకే సంచీ భుజాన వేసుకుని వచ్చిన ఎనిమిదేళ్ళ బిడ్డకు అంతవరకు తలుపు తీసేదెవరు?

ఈ ప్రశ్నకు మన చట్టాల్లో జవాబు వెదికితే ఒక విచిత్రం కనిపిస్తుంది. పిల్లల సంరక్షణను గురించి మాట్లాడే ప్రతి నిబంధనా ఆరేళ్ళ దగ్గర ఆగిపోతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీ కార్మికులున్న చోట శిశు సంరక్షణ గది ఉండాలన్నది, ఆరేళ్ళ లోపు పిల్లలకు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం అదే మాట చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే స్థలాల్లో గది ఏర్పాటు చేయమన్నది, అక్కడా ఆరేళ్ళే. 1975లో మొదలైన అంగన్‌వాడీలూ ఆరేళ్ళ వరకే. 2022లో 'మిషన్ శక్తి' కింద చేర్చిన 'పాల్నా' పథకం 6 నెలల నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఉద్దేశించినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు పాత చట్టాల స్థానాన్ని ఆక్రమించాయి. స్త్రీల సంఖ్యతో నిమిత్తం లేకుండా 50 మందికి మించి కార్మికులున్న సంస్థలకు శిశు సంరక్షణ సదుపాయాన్ని వర్తింపజేసేందుకు భద్రతా కోడ్ వీలు కల్పించింది. ఇది ఒక మెట్టు పైకెక్కడమే. పిల్లల వయసు మాత్రం కదలలేదు.

ఈ గీత రాజ్యాంగంలోనే ఉన్నది. 2002లో 86వ సవరణ మార్చిన 45వ అధికరణం, ఆరేళ్ళ లోపు పిల్లలందరికీ సంరక్షణను, విద్యను సమకూర్చడానికి రాజ్యం ప్రయత్నించాలని నిర్దేశిస్తుంది. అదే సవరణ చేర్చిన 21-ఎ అధికరణం 6 నుంచి 14 ఏళ్ళ వారికి ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ళు నిండగానే బిడ్డ హక్కు బలపడింది. 'సంరక్షణ' అనే మాట మాత్రం జారిపోయింది. ఏడో ఏట అడుగుపెట్టిన పసివాడు తన సంగతి తాను చూసుకోగలడన్నట్లు!

పొరుగుదేశాల్లోనూ ఇదే గీత. లక్షలాది స్త్రీలు దుస్తుల కర్మాగారాల్లో పనిచేసే బంగ్లాదేశ్‌లో 2006 నాటి కార్మిక చట్టం 40 లేదా అంతకుమించి స్త్రీలున్న సంస్థల్లో పిల్లల గదిని తప్పనిసరి చేసింది. ఆరేళ్ళ లోపు పిల్లల కోసమే.

ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక ఇలాంటి గీత గీయలేదు. పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు సంరక్షణ సేవలు అందేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 18వ అధికరణం, విశ్రాంతీ ఆటా పిల్లల హక్కులని 31వ అధికరణం చెబుతాయి. ఆ ఒడంబడికలో 'బాలలు' అంటే 18 ఏళ్ళ లోపు వారు. భారతదేశం 1992 డిసెంబరులో అందులో చేరింది.

అక్కయ్య లేదా ట్యూషన్

ఈ సాయంకాలపు ఖాళీని ఇప్పుడు ఎవరు పూరిస్తున్నారు? తాతమ్మలూ అమ్మమ్మలూ ఉన్న ఇళ్ళలో వారే. లేని ఇళ్ళలో అక్కయ్య. పదకొండేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనెత్తుకొని, బియ్యం కడిగి, నీళ్ళు పట్టి అమ్మకోసం ఎదురుచూడటం మన ఊళ్ళలో ఎవరికీ వింతగా తోచదు. బడి మానేసే ఆడపిల్లలను గురించి చెప్పే కారణాల్లో ఇది ఒకటని పెద్దలకు తెలుసు. మహారాష్ట్రలోని కోస్‌బాడ్ కొండమీద తారాబాయి మోదక్, అనూతాయి వాఘ్ ఈ సంగతి గ్రహించే, శిశు సంరక్షణ గదిని, బాలవాడిని, ప్రాథమిక పాఠశాలను ఒకే కప్పు కింద నడిపారు. చంకలో చంటిబిడ్డతోనే అక్కయ్య బడికి రావచ్చు; బిడ్డను పక్క గదిలో దించి తాను పలక పట్టవచ్చు.

పట్టణ మధ్యతరగతిలో అక్కయ్య స్థానాన్ని ట్యూషన్ ఆక్రమించింది. 2025లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన విద్యా సర్వే ప్రకారం దేశంలో 27 శాతం విద్యార్థులు ప్రైవేటు ట్యూషన్‌కో కోచింగ్‌కో వెళుతున్నారు. పట్టణాల్లో 30.7 శాతం, గ్రామాల్లో 25.5 శాతం. పట్టణ కుటుంబాలు ఏడాదికి ఒక్కో విద్యార్థిపై దీనికి సగటున రూ. 3,988 ఖర్చు చేస్తున్నాయి. ఇందులో చదువు కోసం ఎంత, పిల్లవాడు చీకటిపడేదాకా ఒక పెద్దమనిషి కంటి ముందు ఉంటాడన్న భరోసా కోసం ఎంత? సర్వే ఆ లెక్క తీయదు. రెండో తరగతి పిల్లను ట్యూషన్‌కు పంపే తల్లిని కదిపితే చాలు, జవాబు తెలిసిపోతుంది. ఉదయం నుంచి బల్లమీద కూర్చున్న పిల్లను సాయంత్రం మళ్ళీ చాపమీద కూర్చోబెట్టి అవే ఎక్కాలు వల్లె వేయించడం సంరక్షణ అవుతుందా అన్నది వేరే సంగతి.

ఆర్థిక పుటలో ఈ ముచ్చట ఎందుకని అనుకోనక్కరలేదు. 15 ఏళ్ళు పైబడిన స్త్రీలలో పనిచేస్తున్నవారు, పని కోరుతున్నవారు కలిసి 2017-18లో 23.3 శాతం ఉండగా 2023-24లో 41.7 శాతానికి చేరారని కార్మిక సర్వేలు చెబుతున్నాయి. ఈ పెరుగుదలలో పెద్ద భాగం గ్రామాల్లో సొంత పొలం, సొంత పని చేసుకునేవారిదే. నెల జీతం తెచ్చే కొలువుకు వేళలుంటాయి; వేళలున్న చోటనే పిల్లల ప్రశ్న ఎదురవుతుంది. ఇంటి చాకిరీ విషయానికొస్తే, 2024 కాల వినియోగ సర్వేలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. 2019లో స్త్రీల వాటా 299 నిమిషాలు. అయిదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు.

ఇంట్లోనే పనిచేసే తల్లికీ ఈ బాధ తప్పదు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో చేటలో ఆకు, తంబాకు పెట్టుకొని ఇంటి అరుగుమీద బీడీలు చుట్టే స్త్రీకి ఫ్యాక్టరీ గది నిబంధన వర్తించలేదు. బిడ్డ కళ్ళెదుటే ఉంటాడు. ఆమె చేతులు ఖాళీగా ఉండవు.

ఇసుక కుప్పల మధ్య ఒక గది

ఆరేళ్ళ గీతను దాటి పనిచేసినవారు లేకపోలేదు. 1969 గాంధీజీ శతజయంతి సంవత్సరం. ఢిల్లీలో రాజ్‌ఘాట్ దగ్గర ప్రదర్శన కోసం నిర్మాణాలు సాగుతున్నాయి. తట్టలు మోసే తల్లులు ఎండలో, దుమ్ములో పడుకోబెట్టిన పిల్లలను చూసి మీరా మహదేవన్ అక్కడే ఒక సంరక్షణ కేంద్రం తెరిచారు. ఆమె హిందీలో నవల రాసిన రచయిత్రి కూడా. అలా పుట్టిన సంస్థ 'మొబైల్ క్రెషెస్'. నిర్మాణం ముగిసి కూలీలు తరలిపోతే కేంద్రమూ తరలిపోతుంది. పేరులోని 'మొబైల్' అర్థమదే. తరువాత ముంబయి, పుణే నగరాలకు ఈ కృషి విస్తరించింది.

పసిపిల్లలకు ఉయ్యాల, మూడేళ్ళ వారికి బాలవాడి అన్నవి అందరూ ఊహించేవే. ఈ కేంద్రాలు ఆరేళ్ళు దాటినవారినీ వదిలిపెట్టలేదు. వారిని దగ్గరలోని మునిసిపల్ బడిలో చేర్పించడం, బడి వదలగానే తిరిగి కేంద్రానికి రానివ్వడం, తల్లి పని దిగేదాకా ఉంచుకోవడం ఆనవాయితీ అయింది. చట్టం తల్లిని చూసి గది కట్టమన్నది. వీరు పిల్లల రోజును చూసి వేళలు పెట్టుకున్నారు.

ఇక్కడ ఆట అవసరం ఎందుకో కూడా తేటతెల్లమవుతుంది. నిర్మాణ స్థలంలో ఒడిశా పిల్లవాడు, బీహారు పిల్ల, పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబం బిడ్డ ఒకే చోట చేరతారు. మరాఠీ బడిలో రోజంతా మౌనంగా కూర్చున్న పాలమూరు పిల్లకు సాయంత్రం మళ్ళీ మాటలతో పాఠం మొదలుపెడితే ఏం లాభం? మహారాష్ట్రలో 'లగోరీ' అనే ఆట మన ఏడుపెంకులాటే. పెంకులు పేర్చడానికి, పరుగెత్తడానికి భాష అక్కరలేదు. ఆటలో గొడవ వచ్చిన మూడో రోజుకు అవసరమైన మరాఠీ మాటలు వాటంతట అవే వస్తాయి.

ఆటను చదువుకు శత్రువుగా చూసే అలవాటు మన ఇళ్ళలో బలమైనది. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా ఈ అలవాటుతో జీవితమంతా పోరాడారు. శతాబ్దం తరువాత ప్రభుత్వమే ఆ దారికి వచ్చింది. 2022లో వెలువడిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ళ వరకు ఆట ద్వారానే నేర్పాలన్నది. పగటి బడికి వర్తించే ఆ సూత్రం సాయంకాలానికి మరింతగా వర్తించాలి కదా.

నడపడంలో మెళకువలు

మంచి సాయంకాల కేంద్రానికి భవనం కన్నా ముఖ్యమైనది మొదటి పావుగంట. గుమ్మంలో నిలబడి పేరుపెట్టి పిలిచే మనిషి ఉండాలి. పుస్తకాల సంచీ దించుకోవాలి, కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, ఏదో ఒకటి తినాలి. ఉడికించిన సెనగలు, అటుకులు, అరటిపండు ఏదైనా సరే. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న బిడ్డకు నాలుగింటికి ఆకలి తప్ప మరో ఆలోచన ఉండదు. 'హోంవర్కు తీయి' అనే మాట గుమ్మంలోనే వినిపించే కేంద్రం పేరు మార్చుకున్న ట్యూషనే.

తరువాత గంటసేపు ఎవరి ఇష్టం వారిది. ఆట వస్తువులకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. బంకమట్టి, చింతపిక్కలు, గవ్వలు, అట్టపెట్టెలు, పాత చీరముక్కలు, ఒక బంతి, ఒక తాడు. అట్టపెట్టె ఇవాళ బస్సు, రేపు కొట్టు. వామనగుంటలు ఆడే పిల్ల 14 గుంటల్లో గింజలు పంచుతూ చేసే లెక్క ఏ పలకమీదా చేయదు. పెద్దవారి పని ఆట నేర్పడం కాదు. చోటు, వస్తువులు, వేళ సమకూర్చి, దెబ్బలు తగలకుండా, చిన్నవారిని పెద్దవారు తోసేయకుండా కనిపెట్టి ఉండటం. ఇది తేలికపని అనుకునేవారు ఇరవైమంది పిల్లలతో ఒక వాన సాయంత్రం గడిపి చూడాలి.

ఆరేళ్ళ వాడూ పదకొండేళ్ళ వాడూ ఒకే చోట ఉంటారు గనుక ఒక మూల నిశ్శబ్దంగా ఉండాలి: చాప, బొమ్మల పుస్తకాలు, రాసుకునేవారికి వెలుతురు. అక్కయ్యలు ఇక్కడ కూడా తమ్ముళ్ళను ఎత్తుకు తిరగకుండా చూడటం నిర్వాహకుల బాధ్యత. ఆమె కూడా ఆడుకోవడానికే వచ్చింది. ఇక రక్షణ విషయంలో మొహమాటం పనికిరాదు. వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, ఎవరు తీసుకెళ్ళారన్నది రోజూ రాయాలి. తల్లిదండ్రులు చెప్పిన మనిషికి తప్ప, మేనమామనని వచ్చినా బిడ్డను అప్పగించకూడదు. తల్లి ఆలస్యమైన రోజున విసుక్కోకుండా కూర్చునే మనిషి ఉన్నప్పుడే ఆ కేంద్రం ఆమెకు అక్కరకొచ్చినట్లు.

ఆ మనిషికి జీతమెవరిస్తారన్నదే అసలు చిక్కు. 2017 నాటి జాతీయ క్రెష్ పథకం 25 మంది పిల్లలకు ఒక కార్యకర్తను, ఒక సహాయకురాలిని నిర్ణయించి, నెలకు రూ. 3,000, రూ. 1,500 గౌరవ వేతనమిచ్చింది. పేద కుటుంబాల నుంచి బిడ్డకు నెలకు రూ. 20 వసూలు చేయవచ్చన్నది. అలాంటి వేతనానికి మనసున్నవారు వస్తారు కాని నిలవలేరు. మనిషి మారినప్పుడల్లా పిల్లలు మళ్ళీ గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడతారు.

చోటు సంగతి అంత కష్టం కాదు. 1956లో నెహ్రూ చొరవతో ఢిల్లీలో బాలభవన్ వెలిసింది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ ఆ కోవలోనిదే. పాట, నాట్యం, బొమ్మలు అక్కడ చవకగా నేర్చుకోవచ్చు. అయితే అక్కడికి తీసుకెళ్ళి తీసుకురావడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి లేకపోవడమే కదా సమస్య. కర్ణాటకలో 2020లో గ్రామ పంచాయతీ గ్రంథాలయాల్లో 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత సభ్యత్వమిచ్చి 'ఓదువ బెళకు' కార్యక్రమం మొదలుపెట్టారు. గ్రంథాలయం సంరక్షణ కేంద్రం కాదు. కాని పిల్లలు నడిచి రాగలిగినంత దూరంలో, కప్పు, దీపం, ఒక పెద్ద దిక్కు ఉన్న చోటు అది.

అన్నిటికన్నా దగ్గరలో ఉన్నది బడే. నీళ్ళు, మరుగుదొడ్డి, ఆటస్థలం ఉండాలని విద్యాహక్కు చట్టమే నిర్దేశించిన ఆవరణ, నాలుగు దాటగానే తాళం పడుతుంది. ఉపాధ్యాయులకు ఈ అదనపు భారం అప్పగించడం న్యాయం కాదు. బోధనేతర పనులు పెట్టవద్దని 27వ సెక్షన్ ఇదివరకే చెప్పింది. కనుక మనుషులను వేరుగా నియమించుకోవాలి, వారి జీతానికి బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి. ఆరేళ్ళు దాటిన పిల్లల సంరక్షణ విద్యాశాఖ పనా, స్త్రీ శిశు సంక్షేమ శాఖ పనా, కార్మిక శాఖ పనా అన్నది తేలేదాకా ఆ పద్దు ఎవరి ఖాతాలోనూ పడదు.