తొట్టిలో దొరకని ఆర్కిమెడిస్

గ్రీకు మేధావుల గురించి చిన్నప్పుడు చదివినవాటిలో మనకు గుర్తుండిపోయేవి కథలే. కథలు బాగానే ఉంటాయి. కాకపోతే వాటి చాటున వాళ్లు చేసిన అసలు పని మరుగున పడింది.

అపోహ: బంగారు కిరీటంలో కంసాలి వెండి కలిపాడేమో తేల్చే దారి వెతుకుతూ, స్నానపు తొట్టిలో దిగగానే ఆర్కిమెడిస్‌కు తన సూత్రం తట్టింది. "యురేకా" అంటూ ఒంటిమీద బట్టల్లేకుండా వీధిలోకి పరుగెత్తాడు.

వాస్తవం: ఈ కథ చెప్పింది రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్. అదీ క్రీ.పూ. 212లో ఆర్కిమెడిస్ చనిపోయిన దాదాపు రెండు వందల ఏళ్లకు. తేలే వస్తువుల మీద ఆర్కిమెడిస్ రాసిన గ్రంథంలో కిరీటం ఊసే లేదు.

పోనీ, లెక్క వేసి చూద్దాం. కిలో బరువున్న కిరీటంలో 30 శాతం వెండి కలిపారనుకోండి. అచ్చమైన బంగారంతో పోలిస్తే అది అదనంగా తొలగించే నీరు సుమారు 13 మిల్లీలీటర్లు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి పాత్రలో అది అర మిల్లీమీటరు ఎత్తు కూడా రాదు. కంటితో చూసి దొంగను పట్టగలమా? ఈ అనుమానం గెలీలియోకూ వచ్చింది. వస్తువును గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి త్రాసులో తూచే పద్ధతిని 22 ఏళ్ల వయసులో, 1586లో, ఆయన వివరించాడు. నీటిలో వస్తువు కోల్పోయే బరువు అది తొలగించిన నీటి బరువుకు సమానం. మనం ఆర్కిమెడిస్ సూత్రం అనేది దీన్నే. విచిత్రమేమిటంటే, తొట్టి కథలో ఈ సూత్రమే లేదు!

త్రాసు ఆర్కిమెడిస్‌కు కొత్తేమీ కాదు. 1906లో హైబర్గ్ అనే పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక ప్రార్థనల పుస్తకాన్ని పరిశీలిస్తుంటే, చెరిపేసిన పాత అక్షరాల్లో ఆర్కిమెడిస్ రచన బయటపడింది. దాని ప్రకారం ఆయన ఆకారాలను పలుచటి పొరలుగా కోసి, ఊహలోనే త్రాసులో తూచి, ఘనపరిమాణం పట్టుకునేవాడట. ఆ తర్వాత దానికి విడిగా జ్యామితితో రుజువు రాసేవాడు. ఇది ఒక్క క్షణంలో మెరిసిన ఆలోచన కాదు, ఏళ్ల తరబడి చేసిన సాధన.

అపోహ: లంబకోణ త్రిభుజ సూత్రాన్ని పైథాగరస్ కనిపెట్టాడు.

వాస్తవం: అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే బాబిలోనియా వాళ్లకు తెలుసు. యాగవేదికలు కట్టడానికి మన బౌధాయనుడూ దాన్ని చెప్పాడు. పైథాగరస్ రాసిందంటూ ఒక్క పంక్తీ మిగల్లేదు. గ్రీకుల వాటా వేరే ఉంది: యూక్లిడ్ జ్యామితి గ్రంథం మొదటి భాగంలో, 47వ ప్రతిపాదనగా కనిపించే రుజువు.

అపోహ: కొలంబస్ దాకా భూమి బల్లపరుపు అనుకున్నారు.

వాస్తవం: చంద్రగ్రహణంలో పడే నీడ వంపు చూసి భూమి గుండ్రమని అరిస్టాటిల్ వాదించాడు. తర్వాతి శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఈజిప్టులో ఎండ నీడల కోణంతో దాని చుట్టుకొలతే లెక్కగట్టాడు.

అపోహ: గ్రీకులు కూర్చుని ఊహించారే తప్ప కళ్లతో చూడలేదు.

వాస్తవం: దీనికి అందరూ చూపించే సాక్ష్యం ఆడవాళ్లకు పళ్లు తక్కువన్న అరిస్టాటిల్ మాట. తప్పే, కాదనలేం. కానీ ఒక రకం సొరచేపలో పిల్ల తల్లి గర్భంలో బొడ్డుతాడుతో అతుక్కుని పెరుగుతుందని రాసిందీ ఆయనే. చాలాకాలం దాన్ని చాలామంది నమ్మలేదు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ కోసి చూస్తే, అచ్చం అలాగే ఉంది.