భాగం 12: తెల్లతోక జింకల యాజమాన్యం – నేల, పోషణ, కొమ్ముల పెరుగుదల

12.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• జింక కొమ్ము ఎలా పెరుగుతుందో వివరించగలుగుతారు.
• కొమ్ముల పరిమాణాన్ని నిర్ణయించే మూడు కారకాలను పేర్కొనగలుగుతారు.
• జింకల సంఖ్యకూ నేల సామర్థ్యానికీ ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.
• అదనపు దాణా వల్ల కలిగే మేలునూ కీడునూ బేరీజు వేయగలుగుతారు.

12.1 పరిచయం

తెల్లతోక జింక ఉత్తర అమెరికాలో విస్తారంగా కనిపించే వన్యమృగం. 20వ శతాబ్దం మొదలయ్యేనాటికి అడ్డూ ఆపూ లేని వేట వల్ల అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో వీటి సంఖ్య సుమారు 5 లక్షలకు పడిపోయిందని అంచనా. వేటపై నియంత్రణ, ఆవాసాల పునరుద్ధరణ ఫలితంగా నేడు అవి దాదాపు 3 కోట్లు ఉన్నాయి.

అక్కడ అడవి జింక ప్రజల ఆస్తి. వేటకాలాన్నీ, వేటాడదగిన సంఖ్యనూ రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. భూయజమానికి నేల మీద హక్కు ఉంటుంది కాని జింక మీద ఉండదు. కాబట్టి పెద్ద కొమ్ముల జింక కావాలనుకునే యజమాని ముందుగా తన నేలనే తీర్చిదిద్దుకోవాలి. పెద్ద కొమ్ములున్న మగ జింకను ‘ట్రోఫీ జింక’ అంటారు. 1887లో ఏర్పడిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ కొమ్ములను అంగుళాల్లో కొలిచి నమోదు చేస్తుంది. సాధారణ ఆకృతి గల తెల్లతోక జింక కొమ్ములు ఆ క్లబ్ శాశ్వత రికార్డుల్లోకి ఎక్కాలంటే కనీసం 170 అంగుళాల స్కోరు రావాలి.

12.2 కొమ్ము ఎలా పెరుగుతుంది?

కృష్ణజింక కొమ్ము ఎముక మీద తొడుగులా ఉండి జీవితాంతం నిలుస్తుంది. తెల్లతోక జింక, మన చుక్కల దుప్పి వంటి వాటి కొమ్ములు అలాంటివి కావు. అవి అచ్చంగా ఎముక. రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. శాస్త్ర పరిభాషలో వీటిని ఆంట్లర్లు అంటారు. ఈ భాగంలో కొమ్ములు అనే మాటనే వాడుకుందాం.

తెల్లతోక జింకలో వసంతకాలంలో పగటి సమయం పెరిగే కొద్దీ కొత్త కొమ్ము మొలుస్తుంది. దాన్ని రక్తనాళాలున్న మెత్తని చర్మం కప్పి ఉంచుతుంది. పెరిగే దశలో కొమ్ములో ప్రధానంగా ప్రోటీన్ ఉంటుంది. ఆ తరవాత కాల్షియం, ఫాస్ఫరస్ చేరి అది గట్టిపడుతుంది. ఈ ఖనిజాలు ఒక్కసారిగా మేత నుంచే సరిపోవు. జింక తన పక్కటెముకల వంటి ఎముకల నుంచి కొంత అరువు తెచ్చుకుని తరవాత మేతతో తీర్చుకుంటుంది. వేసవి చివర టెస్టోస్టెరాన్ పెరగడంతో పైచర్మం ఎండి ఊడిపోతుంది. జతకట్టే కాలం ముగిశాక కొమ్ములు రాలిపోతాయి.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటుంది. తిన్న మేతలో శరీరానిదే మొదటి వాటా. మిగిలినదే కొమ్ముకు దక్కుతుంది. కాబట్టి కొమ్మును చూసి ఆ జింకకు ఆ ఏడు ఎంత మిగులు దక్కిందో అంచనా వేయవచ్చు.

12.3 మూడు కారకాలు

(అ) వయసు: ఏడాదిన్నర మగ జింక శరీరం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది కనుక దాని కొమ్ములు చిన్నవి. సాధారణంగా 5 నుంచి 7 ఏళ్ల వయసులో కొమ్ములు గరిష్ఠ పరిమాణానికి చేరతాయి. లేత వయసులోనే వేటాడితే ఎంత మంచి మేత పెట్టినా ఫలితం ఉండదు.

(ఆ) పోషణ: కొమ్ములు బాగా పెరగాలంటే ఆహారంలో సుమారు 16 శాతం ప్రోటీన్ అవసరం. టెక్సాస్‌లోని కెర్ వన్యప్రాణి యాజమాన్య ప్రాంతంలో 8 శాతం, 16 శాతం ప్రోటీన్ గల దాణాలను పోల్చి చూసినప్పుడు, తక్కువ ప్రోటీన్ తిన్న జింకల కొమ్ములు స్పష్టంగా చిన్నవిగా ఉన్నాయి.

(ఇ) జన్యువులు: స్వేచ్ఛగా తిరిగే జింకల్లో వీటిని మార్చడం చాలా కష్టం. సగం జన్యువులు తల్లివి. తల్లికి కొమ్ములుండవు కనుక ఏ తల్లి మేలైనదో చూసి చెప్పలేం.

తల్లి పోషణ ప్రభావం పిల్లల్లోనూ కనిపిస్తుంది. దక్షిణ డకోటాలో, చిన్న జింకలుండే బ్లాక్ హిల్స్ ప్రాంతపు సంతతినీ, పెద్ద జింకలుండే తూర్పు ప్రాంతపు సంతతినీ ఒకే మంచి దాణాతో పెంచారు. బ్లాక్ హిల్స్ జింకల మొదటి తరం వెనకబడే ఉంది. మంచి దాణా తిన్న తల్లులకు పుట్టిన తరవాతి తరం మాత్రం తూర్పు జింకలను అందుకుంది. కాబట్టి ‘జాతే చిన్నది’ అని నిర్ణయించే ముందు రెండు తరాల మేతను చూడాలి.

12.4 జింకల సంఖ్య, నేల సామర్థ్యం

ఒక ప్రదేశం తన వృక్షసంపద దెబ్బతినకుండా పోషించగల జంతువుల సంఖ్యను ఆ ప్రదేశపు భరణ సామర్థ్యం అంటారు. జింకలు దీన్ని మించితే నాణ్యమైన మొక్కలు ముందు మాయమవుతాయి. జింక నోరు అందేంత ఎత్తు వరకు చెట్లు బోసిపోయి గీత గీసినట్లు కనిపిస్తాయి. అడవిలో కొత్త మొలకలు నిలవవు. పొదల్లో గూళ్లు కట్టే పక్షులకూ చోటు పోతుంది.

అందుకే మగ జింకల కోసం చేసే యాజమాన్యం ఆడ జింకల సంఖ్యను అదుపులో ఉంచడంతో మొదలవుతుంది. కొమ్ములు పెరిగే వేసవిలోనే తల్లులు పాలిస్తుంటాయి కాబట్టి అదే నాణ్యమైన మేతకు రెండువైపులా పోటీ ఉంటుంది. లేత మగ జింకలను వదలడం, ఆడ జింకలను తగినన్ని వేటాడటం అనే ఈ పద్ధతికి 1975లో అల్ బ్రదర్స్, మర్ఫీ రే రాసిన పుస్తకం ప్రాచుర్యం తెచ్చింది.

12.5 ఆవాస యాజమాన్యం

మేతలో జింక మేకకు దగ్గర, గేదెకు దూరం. గడ్డి తక్కువ తిని, లేత ఆకులు, చిగుళ్లు, వెడల్పాకు కలుపు మొక్కలు, ఓక్ కాయలు ఏరుకుని తింటుంది. చెట్ల గొడుగు మూసుకుపోయిన అడవిలో వెలుతురు నేలకు చేరదు కనుక జింక అందుకోగల మేత తక్కువ. చెట్లను పలచన చేస్తే నేలమీద మొక్కలు లేస్తాయి. దక్షిణ రాష్ట్రాల పైన్ అడవుల్లో 2 నుంచి 4 ఏళ్లకోసారి, నిపుణుల పర్యవేక్షణలో వంతులవారీగా మంట పెడతారు. కాలిన చోట వచ్చే చిగుళ్లలో ప్రోటీన్ ఎక్కువ. పిల్లలు దాగడానికి దట్టమైన పొదలను కూడా మిగల్చాలి.

12.6 మేత మళ్లు, అదనపు దాణా

భూసార పరీక్ష చేయించి, అవసరమైతే సున్నం వేసి చిన్న మళ్లలో మేత పండిస్తారు. చలికాలానికి క్లోవర్, ఓట్స్; వేసవికి సోయా, అలసంద, లాబ్‌లాబ్ వేస్తారు. లాబ్‌లాబ్ అంటే మన పెరటి చిక్కుడు జాతే. అయితే భూమిలో 5 శాతం మళ్లకు కేటాయిస్తే మిగతా 95 శాతంలో ఏముందన్నదే అసలు ప్రశ్న.

చాలామంది చేసే పొరపాటు మొక్కజొన్న కుప్పలు పోయడం. మొక్కజొన్నలో ప్రోటీన్ 8, 9 శాతమే. అది శక్తినిస్తుంది కాని కొమ్మును పెంచదు. అలవాటు లేని జింక ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపులో ఆమ్లం పెరిగి చనిపోవచ్చు. బూజు పట్టిన గింజల్లో అఫ్లటాక్సిన్ ఉండవచ్చు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం జింకలు ఒకేచోట మూతులు పెట్టడం. 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన క్రానిక్ వేస్టింగ్ వ్యాధి ప్రియాన్ల వల్ల వస్తుంది. దీనికి చికిత్స లేదు. ప్రియాన్లు నేలలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. అందుకే వ్యాధి ఉన్న పలు ప్రాంతాల్లో దాణా వేయడాన్ని నిషేధించారు.

12.7 సారాంశం

కొమ్ము శరీర అవసరాలు తీరాక మిగిలిన పోషణతో పెరుగుతుంది. ఆ మిగులు దక్కాలంటే జింకల సంఖ్య నేలకు తగినట్లు ఉండాలి, నేలకు వెలుతురు అందాలి, మగ జింకకు ఎదిగే వయసు దక్కాలి. దాణా వీటికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకల వేటను నిషేధించింది కాబట్టి ట్రోఫీ పద్ధతి ఇక్కడ వర్తించదు. మేతకూ మందకూ ఉన్న లెక్క మాత్రం నల్లమల దుప్పులకైనా ఒకటే.

12.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. కృష్ణజింక కొమ్ముకూ తెల్లతోక జింక కొమ్ముకూ భేదాలు రాయండి.
2. ఆడ జింకల సంఖ్య మగ జింకల కొమ్ములపై ఎలా ప్రభావం చూపుతుంది?
3. ‘మొక్కజొన్న వేస్తే కొమ్ములు పెరుగుతాయి’ – ఈ అభిప్రాయాన్ని సమీక్షించండి.