మాత్ర ఉచితమే, మిగతా జీవితం సంగతి?



ఈ సంచికలో మేము చేసిన పనుల ఫోటోలు ప్రతి ఏడూ చూస్తుంటారు. విద్యార్థులకు ఫీజులు, వితంతువులకు కుట్టు మిషన్లు, రంజాన్ రేషన్. ఒక్క పనికి మాత్రం ఫోటో వేయం. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న కుటుంబాలకు మీ డబ్బుతో అందిస్తున్న సహాయం అది. ఆ డబ్బు ఎటు పోయిందని కొందరు అడిగారు. అడిగే హక్కు మీకుంది, చెప్పే బాధ్యత మాకుంది.

మన దేశంలో ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. 2017 నుంచి పరీక్షలో వ్యాధి తేలిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ అనే మూడు మందులు అందులోనే ఉంటాయి. త్వరగా మొదలుపెట్టి మానకుండా వాడితే దాదాపు అందరిలాగే ఎక్కువ కాలం బతకవచ్చు. రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే, వైవాహిక సంబంధం వల్ల భాగస్వామికి వ్యాధి సోకదు.

ఇక్కడే కొత్త అవసరాలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్ల వయసులో మందు మొదలుపెట్టిన వారు ఇప్పుడు యాభై దాటారు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఇతరులకంటే సుమారు రెండింతలు. స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. క్షయ భయం ఎప్పుడూ ఉంటుంది. బి.పి., షుగర్, కిడ్నీల పరీక్షలు, ఎముకల బలం, మనసులోని దిగులు, అన్నీ చూసుకోవాలి. మాత్రకు డబ్బు అక్కర్లేదు. కానీ కేంద్రానికి వెళ్లడానికి బస్సు చార్జీ కావాలి, ఆ రోజు కూలి పోతుంది, ఇంట్లో గుడ్డు, పప్పు ఉండాలి. మీ డబ్బు వెళ్లేది వీటికే.

మాత్రలు తరచూ మానేస్తే వైరస్ మందుకు లొంగకుండా పోతుంది. అది తెలిసీ కొందరు మానేస్తారు. కారణం భయం. అత్తవారింట్లో మాత్రల డబ్బా ఎక్కడ దాచాలో తెలియదు. ఊళ్లో వాళ్లు చూస్తారని దగ్గరి కేంద్రం వదిలి దూరం పోతారు. రంజాన్‌లో రోజా ఎందుకు లేదంటే ఏం చెప్పాలో తోచదు. నిజానికి ఆరోగ్యం నిలకడగా ఉంటే, డాక్టరుతో మాట్లాడి, రోజుకొక మాత్రను ఇఫ్తార్ తర్వాతో సహరీలోనో ఒకే వేళకు వేసుకోవచ్చు. నీరసంగా ఉన్నవారు, వేరే జబ్బులున్నవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు.

ఇప్పుడు ఫోటో సంగతి. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉంది. ఒకరికి ఈ వ్యాధి ఉన్న సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని, ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపకూడదని ఆ చట్టం చెబుతుంది. చట్టం లేకపోయినా మేము ఫోటో తీసేవాళ్లం కాదు. ఒక్క ఫోటోతో ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి ఆగిపోవచ్చు, ఇల్లు ఖాళీ చేయాల్సి రావచ్చు. ఆ భయంతో మనిషి మళ్లీ కేంద్రం గుమ్మం తొక్కకపోతే, మేమిచ్చిన రేషన్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. అందుకే మా రిజిస్టరులో పేర్ల బదులు నంబర్లు ఉంటాయి. వారికిచ్చే రేషన్ సంచి అందరికిచ్చే సంచి లాంటిదే. ఖర్చు లెక్కలు మాత్రం ఆడిటరు ముందుంటాయి, మీరూ వచ్చి చూడవచ్చు.

మీనుంచి మరో రెండు కోరుతున్నాం. ఎవరికని అడగకండి. ఎవరికైనా ఈ వ్యాధి ఉందని తెలిస్తే వారితో కలిసి భోంచేయండి. కలిసి తింటే, చేయి కలిపితే ఇది అంటదు. సందేహం ఉన్నవారు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు.

వచ్చే ఏడు సంచికలోనూ ఈ పనికి ఫోటో ఉండదు. పని మాత్రం ఆగకుండా చూడండి.