దివిసీమా దీవే, మరి డైవింగ్ ఎందుకు లేదు?

అండమాన్ వెళ్లొచ్చిన బందరు, గుడివాడ కుటుంబాల ఫోన్లలో ఈ మధ్య ఒకే రకం ఫొటోలు కనిపిస్తున్నాయి. వీపున సిలిండర్, కళ్లకు మాస్క్, చుట్టూ నీలం నీళ్లు, పక్కన రంగురంగుల చేపలు. వాళ్లు బస చేసింది నాలుగైదు గదులున్న ఇల్లు, ఇంటాయనే డైవింగ్ నేర్పే గురువు, వంటా లెక్కలూ ఇల్లాలివి. ఇలాంటి చిన్న రిసార్టులకు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ పేరుపడ్డాయి. 2018 డిసెంబరు వరకు వీటిని హావ్‌లాక్, నీల్ దీవులనేవారు.

అండమాన్ చుట్టూ ఉన్నదీ, బందరు దగ్గరి మంగినపూడి ఒడ్డును తాకేదీ ఒకే బంగాళాఖాతం. దివిసీమ కూడా దీవే. విజయవాడకు సుమారు 60 కిలోమీటర్ల దిగువన, పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి రెండు పాయల మధ్య దాన్ని నిలబెట్టింది. ఎండా ఉక్కా రెండుచోట్లా ఉన్నవే. అయినా దివిసీమలోని హంసలదీవిలో డైవింగ్ రిసార్టు పెడితే ఒక్క సీజను కూడా నడవదు. కారణం ఒండ్రు.

బురద చేసిన సీమ

పడమటి కనుమల్లో పుట్టి, దక్కను నేలల్ని కోసుకుంటూ వచ్చిన కృష్ణ, సముద్రం దగ్గరపడేసరికి వేగం తగ్గి మోసుకొచ్చిన మట్టిని దించేస్తుంది. వేల ఏళ్లుగా అలా దిగిన మట్టే దివిసీమ పొలాలు. ఆ మట్టే సముద్రంలోకి కూడా సాగి, తీరాన్ని చాలా దూరం వరకు మెరక చేసింది. డచ్చి, ఇంగ్లిషు వర్తకులు 17వ శతాబ్ది మొదట్లోనే మచిలీపట్నంలో (బందరులో) కోఠీలు పెట్టుకున్నా, వాళ్ల ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. దూరాన లంగరు వేసి, సరుకును పడవల మీద చేరవేసుకునేవారు.

నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి ఆనకట్టలు కట్టాక ఒండ్రు రాక బాగా తగ్గింది. అయితే లోతు లేని నీళ్లలో అడుగున ఉన్న బురదను అలలు రోజూ కలుపుతూనే ఉంటాయి. అలాంటి నీళ్లలో మునిగితే చాచిన చెయ్యి కూడా కనపడదు.

పగడపు దిబ్బలకు ఈ నీళ్లు అసలే సరిపడవు. పగడం చిన్న జీవి. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండతో ఆహారం తయారుచేసి దానికీ పెడుతుంది. నీరు మసకబారితే ఎండ అందదు, బురద పేరుకుంటే జీవి ఊపిరాడక చస్తుంది, నది వరద కలిస్తే ఉప్పదనం తగ్గుతుంది. అండమాన్‌లో కృష్ణలాంటి పెద్ద నది లేదు కాబట్టి చాలాచోట్ల నీరు తేటగా ఉంది, దిబ్బలు బతికాయి. వాటికీ బాధలు తప్పలేదు. 2010లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి.

చిన్న ఇల్లే ఎందుకు?

తొలిసారి నీళ్లలోకి దిగేవాళ్లకు అండమాన్‌లో సాధారణంగా మనిషికొక ఇన్‌స్ట్రక్టరు ఉంటారు. ఒకేసారి యాభైమంది దిగాలంటే యాభైమంది గురువులు కావాలి. అందుకే ఈ వ్యాపారం కొద్ది గదుల ఇంటికి బాగా అతుకుతుంది. గాలి లేవకముందే పొద్దున్నే పడవ బయల్దేరుతుంది. తిరిగొచ్చాక ప్రతి సామానునూ మంచినీళ్లతో కడగాలి, లేకుంటే ఉప్పు తినేస్తుంది. సిలిండర్లలోకి సుమారు 200 బార్ల ఒత్తిడితో గాలి నింపే కంప్రెసర్‌ను జనరేటర్ పొగ తగలని చోట పెట్టాలి. ఆ పొగ సిలిండర్‌లో చేరితే ప్రాణానికే ముప్పు. నైరుతి రుతుపవనాలు వచ్చాక సముద్రం పోటెత్తి పని మందగిస్తుంది. మిగిలిన నెలల సంపాదనతోనే ఏడాది గడవాలి.

ఈ రిసార్టులకు వెళ్లేదారిలో, శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో దిగితే మన భాష చెవిన పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలూ వారిలో ఉన్నాయి.

నీటి కింద ఏం జరుగుతుంది?

ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర పైనున్నదానికి రెట్టింపు. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ ఆ ఒత్తిడికి తగ్గట్టే గాలి అందిస్తుంది. అక్కడ నిండుగా పీల్చిన గాలి, పైకొచ్చేసరికి రెండింతలు అవుతుంది. శ్వాస బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరగవచ్చు. అందుకే ఊపిరి ఆపొద్దన్నది డైవింగ్‌లో మొదటి పాఠం.

లోతున మన రక్తంలో నైట్రోజన్ ఎక్కువగా కరుగుతుంది. గబగబా పైకొస్తే మూత తీసిన సోడాలోలా ఒంట్లో బుడగలు లేస్తాయి. మునిగిన రోజే విమానం ఎక్కినా ఆ ప్రమాదమే. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పదేపదే మునిగితే 18 గంటలు ఆగమంటారు. కాబట్టి డైవింగ్‌ను ప్రయాణం చివరి రోజుకు పెట్టుకోకూడదు.

మన దీవికి తగ్గది

డైవింగ్‌ను దూరం చేసిన ఒండ్రే మనకు మడ అడవుల్ని ఇచ్చింది. కృష్ణా అభయారణ్యంలో బావురుపిల్లి తిరుగుతుంది. ఆ తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ సీమలో వేలమందిని మింగింది. మడ అడవి అలల ధాటిని తగ్గిస్తుందని ఆ తీరం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాగాయలంకలోనో ఎదురుమొండిలోనో ఆటుపోట్లు తెలిసిన పడవ కుటుంబం నాలుగు గదులు పెట్టి, పీతల కూర వండిపెట్టి, పొద్దున్నే పాయల్లో తిప్పితే అది మన సీమకు నప్పే రిసార్టు. ఇక్కడా చిన్నగా ఉండటమే మేలు. పెద్ద హోటళ్ల కోసం మడ చెట్లు కొట్టేస్తే, అతిథులు ఏం చూడటానికి వస్తారు?

మునగాలన్న కోరిక ఉంటే విశాఖ రుషికొండకో అండమాన్‌కో వెళ్లండి. డబ్బు కట్టేముందు నాలుగు విషయాలు అడగండి: ఇన్‌స్ట్రక్టరు సర్టిఫికెట్ ఉందా, ఆయన ఒకేసారి ఎందరిని దించుతారు, ఎంత లోతుకు తీసుకెళ్తారు, ఆరోగ్య వివరాల ఫారం నింపిస్తారా. మొదటిసారి వెళ్లేవారికి 12 మీటర్లు దాటకూడదు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలవాలి. ఈ నాలుగింటికీ తిన్నగా జవాబు రాని చోట, ధర ఎంత తక్కువైనా నీళ్లలోకి దిగకండి.